ఆర్‌సీ మీద నా పేరు

మే నెల, మంచిర్యాల, పగలు రెండు.
ఆర్టీయే ఆఫీసు ముందల రేకుల షెడ్డు కింద
ఎవ్వరూ మాట్లాడుతలేరు,
నోరు తెరిస్తే ఎండ లోపలికి జొర్రుతదని.

"ఈడ సంతకం పెట్టమ్మా" అన్నడు ఏజెంటు పిల్లగాడు.
చెమట చుక్క పడి కాగితం మూల మెత్తబడ్డది.
దుర్గం ఓదెమ్మ, భర్త రాజలింగు.
నా పేరు ముందుగాల, ఆయనది ఎనుక.
లగ్గం పత్రిక మీద గూడ గిట్ల రాయలే.

ఆయన పేరు మీద ఇదివరకే ఒకటున్నది,
మందమర్రి దుమ్ముల సొంత రంగు మరిచిన బొలెరో.
రెండోది గూడ ఆయన పేరునే రాస్తే
ట్యాక్సు నూటికి రెండు ఎక్కువంట.
ఆ రెండు రూపాలు మిగులుడు కోసం
నేను కారు ఓనర్నయిన.

కాకినాడ నుంచి వచ్చిన పాత బండి.
"ఆడ లైఫ్ ట్యాక్స్ కట్టిండ్రు గదా, మళ్ళెందుకు?" అని అడిగిన.
"రాష్ట్రం మారింది కదమ్మా."
అంటే లైఫు పొలిమేర దాకనే నన్నట్టు.
ఈడికొచ్చి మళ్ళ పుట్టాలె, మళ్ళ కట్టాలె.

మా మొండయ్య బావ ఇంకో ఉపాయం చెప్పిండు:
"ప్రాణహిత దాటితే సిరొంచల మా తోడల్లుడున్నడు,
ఆయన అడ్రసు పెడితే అగ్గువల పోతది."
నిజమో అబద్ధమో.
రాజలింగు ఒక రాత్రంత ఫ్యాను కింద దొర్లుకుంట
లెక్కలు ఏసిండు.
తెల్లారి, వంతెన కాడి చెక్‌పోస్టు యాదికొచ్చి
లెక్కల కాగితం మడిచి జేబుల పెట్టుకున్నడు.

మెకానిక్ యాకూబ్ టార్చి పట్టుకొని బండి కిందికి దూరిండు.
బయటికొచ్చి అరచెయ్యి చాపిండు:
పసుపు కుంకుమ కలిపినట్టు తుప్పు.
"సముద్రం గాలి మేసింది దీన్ని.
ఫికర్ చెయ్యకు, ఈడ ఇగ ఇనుము పోదు.
ఈడ ఎండ రబ్బరు తింటది, బ్యాటరీ తాగుతది,
ఇనుమొక్కటి ఇడిచిపెడ్తది."

తెల్ల బండే.
నల్లదైతే ఈడ పొయ్యి మీది పెంకే గద.
శ్రీరాంపూర్ తొవ్వల నిలబడి లెక్కపెట్టిన ఒకనాడు,
పదిట్ల ఏడు తెల్లయే.
బొగ్గు ఊర్లల్ల తెల్ల బండ్లు!
పొద్దుగూకెటాళ్ళకు అన్నీ బూడిద రంగు,
బకెట్ల నీళ్ళు నాకు మిగుల్తయి.

మూడు నెలలైనంక ఫోన్ల చలానా వచ్చింది.
దుర్గం ఓదెమ్మ, కరీంనగర్ బైపాసు,
తొంభై నాలుగు స్పీడు, పగలు పదకొండున్నర.
పదకొండున్నరకు
నేను గారెలకు నానిన పప్పు కడుగుతున్న.
ఫోటోల నంబరు ప్లేటు సాఫ్‌గ ఉన్నది,
స్టీరింగు మీద రెండు చేతులు మసకగ.
ఆ చేతులు నావి కావు.
నవ్వొచ్చింది మొదలు. మళ్ళొకసారి చూసిన.
నవ్వు రాలే.

"ఎయ్యి రూపాలే గద, కడ్తతీ" అన్నడాయన.
"కట్టకు" అన్న. "తాళంచెవి ఇయ్యి."

సింగరేణి గ్రౌండుల, పొద్దు వంగినంక,
స్టీరింగు మీద తడి తువ్వాల కప్పి పట్టుకున్న.
అయినా సుర్రుమన్నది.
పక్క సీట్ల యాకూబ్ బీబీ, యాకూబ్ పెద్దబిడ్డ,
ఆటో నడిపే పిల్ల,
"క్లచ్చి మెల్లగ ఇడువు అక్కా" అంటనే ఉన్నది,
బండి కప్పలెక్క దుంకి ఆగుతనే ఉన్నది.
వాలీబాల్ పోరగాళ్ళు ఆట ఆపి చూసిండ్రు.
చూడనియ్యి. పేరు నాది.

ఆరో దినం సెకండ్ గేరు పడ్డది.
ఆ దినమే సీటు ముందలికి జరుపుతుంటె
కింద సందుల ఇసుక దొరికింది, పిడికెడు,
అండ్ల చిటికెనవేలు గోరంత గవ్వ.
సముద్రం నేను చూడలే.
గవ్వను కొంగుల ముడేసుకున్న.

కాకినాడల దీనికి ఎవ్వరన్న ట్యాక్సు కట్టిండ్రో లేదో,
ఈడైతే నేను చెప్ప.